మెష్ పెట్టినా వీడియో ఎందుకు తిరుగుతోంది? డెకో ఎం4 రివ్యూ

అందరికీ నమస్కారం. ఇది టీపీ-లింక్ డెకో ఎం4 మెష్, అంటే ఇంట్లో అక్కడక్కడా డబ్బాలు పెట్టి ఒకే వైఫైని ఇల్లంతా అందించే సెట్టు. మూడు డబ్బాల ప్యాక్. రివ్యూ కోసం ఉచితంగా వచ్చింది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. స్పెక్స్ మీరు ఈపాటికే చూసుంటారు, మళ్ళీ చదవను. మెష్ కొన్నవాళ్ళ బాధ ఒక్కటే: "డబ్బాలు పెట్టాం, ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంది." ఈ వీడియో అంతా దాని గురించే.

ఆ గీతలు చెప్పేది ఫోన్‌కీ పక్కనున్న డబ్బాకీ మధ్య సంగతి. ఆ డబ్బాకీ, హాల్లో ఇంటర్నెట్ లైన్ తగిలించిన మెయిన్ డబ్బాకీ మధ్య లింకు ఎలా ఉందో ఫోన్‌లో కనపడదు. దాన్నే బ్యాక్‌హాల్ అంటారు. రోగం ఎక్కువగా అక్కడే ఉంటుంది.

సిగ్నల్ రాని గదిలోనే డబ్బా పెట్టేస్తారు చాలామంది. ఫోన్‌కే అందని సిగ్నల్ డబ్బాకి మాత్రం ఎక్కణ్ణుంచి అందుతుంది? ఆ గదికీ మెయిన్ డబ్బాకీ నడిమధ్య పెట్టాలి. అదీ కొలిచి పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని, మెయిన్ డబ్బా ఒక్కటే ఆన్‌లో ఉంచి, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ చూసుకుంటూ నడవండి. యాప్ సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపిస్తుంది, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. మైనస్ 60, 65 డీబీఎం మధ్య ఆగండి. రెండో డబ్బా చోటు అదే. మైనస్ 75కి పడిపోయిన చోట పెట్టి లాభం లేదు.

మన డాబా ఇళ్ళలో ఒక ఇటుక గోడ దాటడం పెద్ద సమస్య కాదు. చిక్కంతా పై అంతస్తు స్లాబ్‌తోనే, లోపల కాంక్రీటు, ఇనుప చువ్వలు ఉంటాయి కదా. డబ్బాని మెట్ల దగ్గర పెడితే సిగ్నల్ మెట్ల ఖాళీలోంచి పైకి పోతుంది. టీవీ వెనకాల, ఇనుప బీరువా పక్కన, అద్దాల వార్డ్‌రోబ్ ఎదురుగా మాత్రం వద్దు.

ఇంకో సంగతి. ఎం4లో 5 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే, కాగితం మీద 867 ఎంబీపీఎస్. మెయిన్ డబ్బాతో మాట్లాడేదీ అదే, మీ ఫోన్‌తో మాట్లాడేదీ అదే. ఒకరితో మాట్లాడుతున్నంతసేపూ రెండోవాళ్ళు ఆగాలి. అందుకే ఒక్కో డబ్బా దాటేసరికి వేగం దాదాపు సగమైపోతుంది. మూడింటినీ గొలుసులా పెట్టకండి. మెయిన్‌ది మధ్యలో, మిగతావి చెరోపక్క.

దీనికి అసలు మందు కేబుల్. ఎం4లో నాకు బాగా నచ్చింది ఇక్కడే. ప్రతి డబ్బాకీ రెండు గిగాబిట్ పోర్టులు ఉన్నాయి, ఎందులో గుచ్చినా తనే గుర్తుపట్టి బ్యాక్‌హాల్‌ని కేబుల్ మీదికి మార్చేసుకుంటుంది. ఎం4 అట్ట మీద ఏసీ1200 అని వైఫై వేగం తరగతి రాసి ఉంటుంది. అదే మాట అట్ట మీద ఉండే డెకో ఈ4 కూడా ఉంది, జాగ్రత్త. దాని పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. 200 ఎంబీపీఎస్ ప్లాన్ పెట్టుకుని ఈ4 కొంటే సగం వేగం పోర్టు దగ్గరే ఆగిపోతుంది.

మంచి క్యాట్6 రకం నెట్‌వర్క్ కేబుల్ వేయించినా క్రింపింగ్, అంటే కేబుల్ చివర తీగల్ని జాక్‌లో బిగించడం, సరిగ్గా ఉందో చూసుకోండి. గిగాబిట్‌కి 8 తీగలూ తగలాలి, 100 ఎంబీపీఎస్‌కి 4 చాలు. ఒక్క తీగ సరిగ్గా కూర్చోకపోతే లింకు నోరెత్తకుండా 100కి దిగిపోతుంది, మనం వైఫైని తిట్టుకుంటాం. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా 94 దగ్గరే ఆగుతుంటే ముందు ఆ జాక్‌ని అనుమానించండి. ఇంత కేబుల్ మీద ఆధారపడే వస్తువుకి, మూడు డబ్బాల ప్యాక్‌లో ఒకే ఒక్క చిన్న కేబుల్ ఇవ్వడం నిజంగా చిరాకు.

ఇక, పడగ్గదిలోకి వెళ్ళినా ఫోన్ హాల్ డబ్బాని పట్టుకుని వదలదు. ఏ డబ్బాకి అతుక్కోవాలో చివరికి తేల్చేది ఫోనే. డబ్బాల్లో ఉండే 802.11కె, వి అనే వైఫై పద్ధతులు ఫోన్‌కి సలహా ఇస్తాయంతే. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 దాటి పడేదాకా వేరేది వెతకదు. వాడుకలో ఉన్నప్పుడు కొత్తది కనీసం 8 డీబీ మెరుగ్గా ఉంటేనే మారుతుంది. డబ్బాలు మరీ దగ్గరగా పెడితే ఆ మైనస్ 70 ఎప్పటికీ రాదు, ఫోన్ దూరపు డబ్బాతోనే ఈడుస్తుంది. రెండు పడగ్గదుల ఫ్లాట్‌కి మూడో డబ్బా పెట్టకుండా చూడండి, కొన్నిసార్లు తీసేస్తేనే బాగుపడుతుంది. కదలని టీవీకి, కెమెరాకి డెకో యాప్‌లో మెష్ టెక్నాలజీ అనే ఆప్షన్ ఆపేయండి, అవి డబ్బాలు మారకుండా ఒకదాన్నే పట్టుకుని ఉంటాయి.

ఫైబర్ వాళ్ళిచ్చిన డబ్బాలో వైఫై కూడా ఆపేయాలి. లేకపోతే ఫోన్ దాంట్లోకి దూరిపోతుంది. ఆ డబ్బానే రౌటర్‌గా ఉంచాలంటే డెకోని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే రౌటర్ పని మానేసి వైఫై మాత్రమే ఇచ్చేలా మార్చండి.

కేబుల్ లాగే వీలుంటే ఎం4 ధైర్యంగా కొనండి. వీలు లేని రెండంతస్తుల ఇల్లయితే వద్దంటాను. బ్యాక్‌హాల్‌కి విడిగా ఒక బ్యాండ్ ఉన్న ట్రైబ్యాండ్ మెష్ చూసుకోండి. ఇల్లు ఇంకా కడుతున్నవాళ్ళయితే, ప్లాస్టరింగ్‌కి ముందే మేస్త్రీకి చెప్పి, హాల్లో ఫైబర్ వచ్చే చోటి నుంచి పై అంతస్తు మెట్ల దాకా ఒక పైపు విడిగా వేయించండి. కరెంటు వైర్ల పైపులో మాత్రం కలపనివ్వకండి.