పరుపు మోసిన నలుగురు

సండే స్కూల్ ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు నా వందనాలు.

వేసవి సెలవులు రాగానే మన సంఘాలలో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే పిల్లల వేసవి బైబిల్ బడి) ఏర్పాట్లు మొదలవుతాయి. అభినయ గీతాలు, కంఠత వాక్యాలు, చివరి రోజు బహుమతులు మనందరికీ తెలిసినవే. ఆ రోజుల్లో మన గడప తొక్కని పిల్లలు కొందరున్నారు. వీల్‌చైర్‌లో తిరిగే పిల్లలు, మాట రాని పిల్లలు, డోలు మోగితే చెవులు మూసుకొని కేకలు వేసే పిల్లలు. వారిని రావద్దని మనలో ఎవరూ అనలేదు గాని, వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎవరు పక్కన ఉండాలో కూడా మనం ఎన్నడూ అనుకోలేదు. అమెరికాలోని క్రైస్తవ రాంచ్ శిబిరాలలో కొన్ని ఈ సంగతిని శ్రద్ధగా ఆలోచించాయి. టెక్సస్‌లో నివసించిన రోజుల్లో అలాంటి ఒక శిబిరంలో వేసవిలో ఒక వారం సహాయకుడిగా పనిచేశాను కనుక, చదివి తెలుసుకున్న దానితో పాటు చూసినది కూడా మీ ముందు ఉంచుతాను.

రాంచ్ అంటే పశువులను, గుర్రాలను పెంచే విశాలమైన మేత భూమి. అమెరికా పశ్చిమ ప్రాంతపు జీవనానికి అది గుర్తు. గుడి మెట్లెక్కని యువకులు కూడా కొండలన్నా గుర్రాలన్నా పరుగెత్తి వస్తారని గ్రహించినవారిలో జిమ్ రేబర్న్ ముఖ్యులు. ఆయన 1941లో టెక్సస్‌లో యువకుల కోసం యంగ్ లైఫ్ అనే క్రైస్తవ సంస్థను స్థాపించారు. 1946లో ఆ సంస్థకు కొలరాడోలో స్టార్ రాంచ్ చేతికి వచ్చింది. తరువాత చేరిన వాటిలో ఒకటి మన దేశంతో ముడిపడినది కాబట్టి చెబుతాను. 1981 నుంచి 1985 వరకు ఆచార్య రజనీష్ అనుచరులు ఒరెగాన్‌లో రజనీష్‌పురం అనే పట్టణం కట్టుకున్న సుమారు 64,000 ఎకరాల భూమిని, వారు వెళ్లిపోయిన కొన్నేళ్లకు డెనిస్ వాషింగ్టన్ అనే వ్యాపారవేత్త కొని, చివరకు యంగ్ లైఫ్‌కు దానంగా ఇచ్చారు. నాడు రజనీష్ శిష్యులు ధ్యానానికి కూర్చున్న పెద్ద మందిరం నేడు పిల్లల ఆటశాల.

భూమి ఎంత ఉన్నా, అందులోకి ఎవరు రాగలుగుతారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబుగా 1986లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో నిక్ పలెర్మో అనే యంగ్ లైఫ్ సేవకుడు వైకల్యం ఉన్న యువకుల కోసం ఒక పరిచర్య ప్రారంభించి, దానికి కపెర్నహూము పేరు పెట్టారు. మార్కు సువార్త రెండవ అధ్యాయం మీకు గుర్తుండే ఉంటుంది. కపెర్నహూము ఊరిలో పక్షవాయువు గల ఒక మనిషిని నలుగురు మోసుకొని వస్తారు. జనం కిక్కిరిసి ఉండడం వల్ల వాకిటి గుండా పోలేక, ఇంటి పైకప్పు విప్పి అతణ్ణి పరుపుతో సహా లోపలికి దింపుతారు. అప్పుడు యేసు ‘వారి విశ్వాసము’ చూశాడని మార్కు రాశాడు. నేను ఆ మాట దగ్గర చాలాసార్లు ఆగిపోయాను. మన సంఘాలలో వైకల్యం ఉన్న బిడ్డ తల్లితో “నీ విశ్వాసం చాలడం లేదేమో, ఇంకా ప్రార్థించమ్మా” అని చెప్పేవారు ఉన్నారు; ఆ మాట విని ఇంటికి వెళ్లి, మళ్లీ ఆదివారం ఆరాధనకు రాని తల్లులు నాకు తెలుసు. ఈ వృత్తాంతంలో ప్రభువు రోగినీ, రోగి తల్లినీ విశ్వాసం గురించి ప్రశ్నించలేదు. కప్పు విప్పిన వారిని చూశాడు.

అందుకే ఈ శిబిరాలను చూసేటప్పుడు ఎకరాలను లెక్కపెట్టడం మాని చేతులను లెక్కపెట్టమని నా మనవి. వైకల్యం ఉన్న బిడ్డ గుర్రం ఎక్కాలంటే పగ్గం పట్టి నడిపేవారు ఒకరు, అవసరాన్ని బట్టి గుర్రానికి అటూ ఇటూ నడుస్తూ బిడ్డ తొడమీద, నడుము దగ్గర చెయ్యి ఆనించి ఉంచేవారు ఇద్దరు, ఇవన్నీ చూసుకుంటూ పాఠం చెప్పే శిక్షకులు ఒకరు కావాలి. లెక్కవేస్తే నలుగురే. వీల్‌చైర్ నుంచి నేరుగా జీను మీదికి చేరేలా గుర్రమంత ఎత్తున వాలు వేదిక కడతారు. తలకు హెల్మెట్ తప్పనిసరి. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు లోపం) ఉన్న పిల్లలలో కొందరికి మెడపై ఎముకల కీలు వదులుగా ఉండే అవకాశం ఉన్నందున, వైద్యుల అనుమతి లేకుండా వారిని గుర్రం ఎక్కించకూడదు. ప్రేమ ఉన్నచోట ఈ జాగ్రత్త తగ్గరాదు.

గుర్రం ఎందుకన్నది కూడా చెప్పాలి. నడిచే గుర్రం వీపు ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ, పక్కలకూ కదులుతుంది; మనిషి నడిచేటప్పుడు నడుము కదిలే తీరు దాదాపు అదే. ఎన్నడూ నడవని బిడ్డ శరీరం నడక ఎలా ఉంటుందో జీను మీద మొదటిసారి తెలుసుకుంటుంది. పోలియో వల్ల మోకాళ్ల కింద చలనం కోల్పోయిన డెన్మార్క్ దేశస్థురాలు లిజ్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో రజత పతకం గెలిచారు. ఆ తరువాతనే ఈ విధానం దేశదేశాలకు పాకింది. 1969లో ఉత్తర అమెరికాలో ఇందుకోసం ఒక సంస్థ కూడా ఏర్పడింది. నేను పగ్గం పట్టిన గుర్రం మీద కూర్చున్న పద్నాలుగేళ్ల అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి. ఎప్పుడూ అందరి ముఖాలూ తల ఎత్తి చూసే ఆ అబ్బాయి, ఆ పూట తల వంచి మా ముఖాలు చూశాడు.

ఇంత చేయడానికి పెద్ద రాంచ్ ఉండాలని అనుకోవద్దు. ఒరెగాన్‌లోని బెండ్ పట్టణం దగ్గర ట్రాయ్, కిమ్ మీడర్ దంపతులు 1995లో ప్రారంభించిన క్రిస్టల్ పీక్స్ యూత్ రాంచ్ విస్తీర్ణం మొదట తొమ్మిది ఎకరాలు, అది కూడా అగ్నిపర్వత రాయిని తవ్వి వదిలేసిన నేల. హింసకు, ఆకలికి గురైన గుర్రాలను అక్కడికి తెచ్చి బాగుచేస్తారు. అక్కడి పద్ధతి ఒక బిడ్డ, ఒక గుర్రం, తోడుగా ఒక పెద్ద మనిషి; రుసుము లేదు.

కుటుంబాల సంగతి వేరుగా చెప్పుకోవాలి. జోనీ ఎరిక్సన్ టాడా బాల్యంలో గుర్రాల మీద తిరిగిన అమ్మాయి. 1967లో, పదిహేడేళ్ల వయసులో చెసపీక్ అఖాతంలో నీళ్లలోకి దూకినప్పుడు మెడ విరిగి, భుజాల కింద చలనం పోయింది. ఆమె 1979లో స్థాపించిన జోనీ అండ్ ఫ్రెండ్స్ సంస్థ కుటుంబమంతటినీ శిబిరానికి పిలిచి, వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ వారమంతా తోడుండే ఒక సహాయకుణ్ణి ఇస్తుంది. దాని ఫలితం ఏమిటో నాకు అంకెలలో చెప్పాలని లేదు. నేను పనిచేసిన చోట ఒక తల్లి మొదటి రోజు మధ్యాహ్నం కొడుకును మాకు అప్పగించి, చెట్టు కింద కుర్చీలో కూర్చొని సాయంత్రం దాకా నిద్రపోయింది. లేచి, తొమ్మిదేళ్లలో పగటిపూట పడుకోవడం ఇదే మొదటిసారి అని చెప్పింది. ఆ అబ్బాయి అక్కకు కూడా ఆ వారం తమ్ముడి కాపలా లేకుండా ఈత కొట్టే వీలు చిక్కింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పడే భారాన్ని మనం అసలు గమనించం.

అమెరికాలో 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం హోటళ్లకు, దుకాణాలకు ర్యాంపులు తప్పనిసరి చేసింది. మతసంస్థలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే అక్కడి క్రైస్తవ శిబిరాలలో ర్యాంపు కట్టినవారు ఆ చట్టం అడగకుండానే కట్టారు, కట్టనివారు ఇప్పటికీ ఉన్నారు. ఈ మినహాయింపు విషయంలో నాకు ఎంతో బాధ ఉంది. ప్రభువు పేరు పెట్టుకున్న స్థలం హోటల్ కంటే వెనుకబడి ఉండడానికి ఏ కారణమూ సరిపోదు.

మనకు గుర్రాలు లేవు, రాంచ్ లేదు. మన హాలు మేడ మీద ఉంది. ఆ మెట్ల మీదుగా ఒక వీల్‌చైర్‌ను భద్రంగా ఎత్తుకెళ్లడానికి కావలసింది నలుగురే, అయితే ఈ వేసవికి వి.బి.ఎస్. కిందనే, ఆవరణలో పందిరి వేసి జరిపితే ఆ అవసరం కూడా ఉండదు. మన పేర్ల నమోదు కాగితంలో పేరు, వయసు, తరగతి మాత్రమే అడుగుతున్నాం. నేను పనిచేసిన శిబిరం దరఖాస్తు నాలుగు పేజీలు: మీ బిడ్డకు ఏ శబ్దమంటే భయం, అన్నం ఎలా తింటాడు, నొప్పి వస్తే ఎలా తెలియజేస్తాడు, ఏడుస్తున్నప్పుడు ఏ పాట వింటే ఊరుకుంటాడు అని అందులో అడిగారు. ఆ ప్రశ్నలను తెలుగులో రాసి తెచ్చాను. ప్రతులు వెనుక బల్ల మీద ఉన్నాయి.