మేకుకు కట్టిన దారం: దూరం, స్థానభ్రంశం

శ్రోతలకు నమస్కారం.

భౌతికశాస్త్రంలో చలనం పాఠం తెరవగానే విద్యార్థికి ఎదురయ్యే మొదటి రెండు మాటలు దూరం, స్థానభ్రంశం. మొదటిది మనం రోజూ వాడే మాటే. రెండోది వినగానే ఉన్న చోటు చెదిరిందనో, పదవి పోయిందనో అర్థం స్ఫురిస్తుంది. ఆ స్ఫురణ తప్పేమీ కాదు. మొదట ఉన్న చోటి నుంచి వస్తువు ఎంత జరిగింది, ఏ వైపుకు జరిగింది అన్నదే భౌతికశాస్త్రం కూడా ఆ మాటతో అడిగే ప్రశ్న.

ఈ తేడా చెప్పడానికి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ 400 మీటర్ల పరుగు ట్రాక్. ప్రామాణికమైన ట్రాక్‌లో తిన్నని భాగాలు రెండు ఉంటాయి, ఒక్కొక్కటి 84.39 మీటర్లు. వాటిని కలుపుతూ రెండు అర్ధవృత్తాకారపు మలుపులు ఉంటాయి; లోపలి లేన్‌లో పరుగును కొలిచే గీతకు వ్యాసార్ధం 36.8 మీటర్లు. ముగింపు గీత ఒక తిన్నని భాగం చివర, మలుపు మొదలయ్యే చోట ఉంటుంది. ఆ తిన్నని భాగంలో పరుగు తూర్పు వైపుకు సాగి, మలుపులో ఎడమకు తిరుగుతుందనుకుందాం.

ఇప్పుడు ఆ గీత దగ్గర ఒక మేకు పాతి, దానికి దారం కట్టి, రెండో కొసను పరుగెత్తబోయే అమ్మాయి నడుముకు కట్టినట్లు ఊహించండి. ఆమె ఎక్కడున్నా ఆ దారం బిగుతుగా, తిన్నగా ఉంటుంది. అవసరమైతే సాగుతుంది, అక్కర్లేనప్పుడు మేకు దగ్గర చుట్టుకుంటుంది. ఆమె పాదాల కింద గడిచిన బాట దూరం. మేకు నుంచి ఆమె దాకా ఉన్న దారం స్థానభ్రంశం.

పరుగు మొదలైంది. మొదటి మలుపు పూర్తయ్యేసరికి ఆమె సుమారు 115.6 మీటర్లు పరుగెత్తింది; దారం మాత్రం 73.6 మీటర్లే, సరిగ్గా ఉత్తరం వైపుకు. ఎదుటి తిన్నని భాగం కూడా దాటితే దూరం 200 మీటర్లు, దారం సుమారు 112 మీటర్లు, ఇప్పుడు వాయవ్య దిశగా. సగం పరుగు అయింది కాబట్టి దారం ఇక తగ్గుతుందనుకుంటాం. కానీ తగ్గదు, రెండో మలుపులోకి వెళ్లాక ఇంకొంత సాగి, సుమారు 129 మీటర్లకు చేరి, అప్పుడు తగ్గడం మొదలవుతుంది. ఇక ఆఖరి తిన్నని భాగం మొదట్లో చూడండి: దూరం 315.61 మీటర్లు, దారం పడమటి వైపుకు 84.39 మీటర్లు. అక్కడి నుంచి ఆమె ఒక మీటరు పరుగెత్తిన ప్రతిసారీ దూరం ఒక మీటరు పెరుగుతుంది, దారం ఒక మీటరు తరుగుతుంది. ముగింపు గీత మీద పాదం పడేసరికి దూరం 400 మీటర్లు, దారం సున్న.

చదువుకునే రోజుల్లో ఇలాంటి లెక్కకు సున్న అని రాయడానికి నాకు మనసు ఒప్పలేదు. అంత చెమటోడ్చి పరుగెత్తిన మనిషికి సున్న ఏమిటనిపించి, 400 అనే రాశాను. ఆ సున్న పరుగును చిన్నబుచ్చడం లేదని, ఆమె మళ్లీ మొదటి చోటికే వచ్చిందని మాత్రమే చెబుతోందని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్థానభ్రంశం అంటే రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి అని చాలామంది నేర్పుతారు. ఆ నిర్వచనం నాకు నచ్చదు, ఎందుకంటే స్థానభ్రంశం అసలు దారే కాదు. మైదానం నడుమ ఒక గోడ కట్టి ఉంటే, అడ్డంగా నడిచి వెళ్లగల అతి దగ్గరి దారి పొడుగవుతుంది. స్థానభ్రంశం మాత్రం మిల్లీమీటరు కూడా మారదు.

ఇదే తేడా వడికీ వేగానికీ సంక్రమిస్తుంది. దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే వచ్చేది సగటు వడి, స్థానభ్రంశాన్ని భాగిస్తే వచ్చేది సగటు వేగం. ఆ అమ్మాయి ఒక చుట్టును 80 సెకన్లలో ముగిస్తే ఆమె సగటు వడి సెకనుకు 5 మీటర్లు, సగటు వేగం సున్న. భూమి సూర్యుని చుట్టూ ఒక ఏడాదిలో తిరిగే దూరం సుమారు 94 కోట్ల కిలోమీటర్లు. సూర్యుని నుంచి చూస్తే ఆ ఏడాదికి దాని స్థానభ్రంశం కూడా దాదాపు సున్నే.

విద్యార్థులకు నేను చెప్పదలచింది ఒక్కటే. స్థానభ్రంశం అడిగిన లెక్క రాగానే సంఖ్యలను కూడకండి. కాగితం మీద ముందుగా రెండు చుక్కలు పెట్టండి: బయలుదేరిన చోటు ఒకటి, చేరిన చోటు ఒకటి. మొదటి దాని నుంచి రెండో దాని వైపుకు బాణం గీసి, దాని పొడవు రాయండి, దిశ కూడా రాయండి. మొదటి మలుపు దగ్గర జవాబు 73.6 మీటర్లు అని ఆపితే అది సగమే. ఉత్తరం వైపుకు అని చేర్చితేనే ఆ అమ్మాయి ట్రాక్ మీద ఎక్కడుందో మనకు తెలుస్తుంది.