వేదాంత విద్యకు లాప్‌టాప్ సిద్ధం చేసుకోవడం, లేదా ఫాంటుల తగాదా

సిస్టర్: శ్రోతలందరికీ వందనాలు. జూన్‌లో వేదాంత విద్యలోని బి.డి., ఎం.టిహెచ్. తరగతులలో చేరబోయేవారు ఎలాంటి కంప్యూటరు కొనుక్కోవాలి, దానిలో ఏమేమి సిద్ధం చేసుకోవాలి అన్నది ఈ వారపు అంశం. అయ్యగారూ, మీరే మొదలుపెట్టండి.

అయ్యగారు: ఇక అంశానికి వస్తే, కంప్యూటరు గురించి చెప్పవలసినది చాలా తక్కువ. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు లాప్‌టాప్ ఈ చదువుకు చాలు. సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి సెకండ్ హ్యాండ్‌ది కొనేవారు మాత్రం అది విండోస్ 11కు పనికివస్తుందో లేదో అక్కడే చూసుకోవాలి, ఎందుకంటే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతకన్నా ముందు నేర్చుకోవలసినది తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు.

సిస్టర్: వచ్చేసింది, మీ ఇన్‌స్క్రిప్ట్ మాట! శ్రోతలలో పందెం కాసినవారు డబ్బులు వసూలు చేసుకోవచ్చు.

అయ్యగారు: నవ్వండి, పరవాలేదు. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వచ్చేలా దానిని అమర్చారు. తెలుగు ‘క’ ఉన్న మీట మీదే హిందీ ‘క’ కూడా ఉంటుంది. విండోస్‌లో అది ముందే ఉంటుంది కాబట్టి పైసా ఖర్చు లేదు.

సిస్టర్: ఏ మీట నొక్కారన్నది కాదు, లోపల ఏమి నిలువ అయిందన్నది ముఖ్యం. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే విద్యార్థి కూడా యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఉన్న పద్ధతిలో, రాస్తున్నట్టే. మీరేమో చక్కగా ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని చెప్పి, సంఘ పత్రికను మాత్రం ఇప్పటికీ ‘అను’ అనే పాత ఫాంటులోనే పంపిస్తారు.

అయ్యగారు: ప్రెస్సు వారు అదే అడుగుతారు, నేనేమి చేయను? పైగా ఆ అక్షరాల అందం వేరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో శీర్షిక పెట్టి చూడండి, ఒత్తులు ఎంత కుదురుగా కూర్చుంటాయో.

సిస్టర్: అచ్చు కాగితం వరకు నేనూ ఒప్పుకుంటాను. సిద్ధాంత వ్యాసం అచ్చు కాగితంతో అయిపోదు కదా. ‘అను’ లాంటి పాత డీటీపీ (అచ్చు పేజీలు కూర్చే) ఫాంటులలో తెలుగు అక్షరానికి సొంత చిరునామా లేదు. అది రోమన్ అక్షరం ఇంట్లో అద్దెకు ఉంటుంది. ఫాంటు మార్చిన మరుక్షణం తెలుగు పోయి, నెత్తిన కొమ్ములున్న లాటిన్ అక్షరాలు మిగులుతాయి. యూనికోడ్‌లో ‘క’ ఏ ఫాంటులోనైనా, ఏ యంత్రంలోనైనా ‘క’గానే ఉంటుంది కాబట్టి, మూడు వందల పేజీలలో ‘కృప’ ఎక్కడెక్కడ వచ్చిందో ఒక్కసారిగా వెతుక్కోవచ్చు.

అయ్యగారు: హెబ్రీని కూడా మేము అలాగే కొట్టేవాళ్లం. కుడి నుంచి ఎడమకు చదవవలసిన మాటను తిరగేసి, చివరి అక్షరం ముందు కొట్టేవాళ్లం. పని జరగలేదా?

సిస్టర్: ఒక పంక్తిలో ఉన్నంతసేపే జరిగింది. వాక్యం రెండవ పంక్తికి విరిగితే మొదట చదవవలసిన మాటలు కిందకు, చివరివి పైకి వచ్చేవి. మార్జిన్ కొంచెం కదిపితే ఆదికాండము మొదటి వచనమే తలకిందులయ్యేది. ఇప్పుడు హెబ్రీ కీబోర్డు చేర్చుకొని, ఉచితంగా దొరికే ఎస్‌బీఎల్ హీబ్రూ ఫాంటు వాడితే అచ్చులను (స్వరాలను) సూచించే చుక్కలు కూడా తమ తమ అక్షరాల దగ్గరే నిలుస్తాయి.

అయ్యగారు: మీ యూనికోడ్‌లో మాత్రం చిక్కులు లేవా? గ్రీకులో శ్వాస గుర్తు, స్వర గుర్తు రెండూ ఉన్న ఆల్ఫాను ఒకే సంకేతంగానూ నిలువ చేయవచ్చు, మూడు ముక్కలుగానూ నిలువ చేయవచ్చు. కంటికి రెండూ ఒకటే. ఒక రకంగా వెతికితే రెండవ రకం దొరకని సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి.

సిస్టర్: నిజమే, ఈ మాటకు మీకు మార్కులు వేయాలి. అందుకే నాలుగు చోట్ల నుంచి నాలుగు రకాలుగా గ్రీకు తెచ్చి అతికించకుండా, మొదటి రోజు నుంచి ఒకే పాఠాన్ని, ఒకే కీబోర్డును నమ్ముకోవాలని మా లైబ్రరీకి వచ్చే పిల్లలకు చెబుతాను.

అయ్యగారు: సరే. కానీ పాత ఫైళ్లు ఉన్నవారి సంగతి ఏమిటి? కిందటి క్రిస్మస్ ముందు ఒక పాస్టరమ్మ గారు తన భర్త ప్రసంగాలున్న సీడీలు తెచ్చారు. ఆయన ప్రభువునందు నిద్రించారు. ఫైలు తెరుచుకుంది, తెలుగు మాత్రం రాలేదు. ఆమె తెర వైపు చూసి, ఇది ఆయన రాసినదేనా అని అడిగారు.

సిస్టర్: ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పాత ఫాంటును యూనికోడ్‌గా మార్చే కన్వర్టరులో వేస్తే చాలావరకు వచ్చింది, ఒత్తులు, రావడులు కొన్ని చోటు మారాయి. అటువంటివి అసలు ప్రతితో పోల్చి మనిషి దిద్దవలసిందే. యువజనులు తలా ఒక సీడీ పంచుకొని దిద్దుతున్నారు.

అయ్యగారు: వారందరికీ ఇన్‌స్క్రిప్ట్ వచ్చి ఉంటే ఈపాటికి పూర్తయ్యేది.

సిస్టర్: అయ్యగారూ!

అయ్యగారు: ఊరుకుంటున్నాను. అంశానికి రండి, సమయం లేదు.

సిస్టర్: త్వరగా చెబుతాను. లేఖన పరిశోధనకు స్టెప్ బైబిల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. హెబ్రీ, గ్రీకు మాటల మీద మౌస్ పెడితే వ్యాకరణ వివరం చూపుతుంది. వేలు పోసి సాఫ్ట్‌వేర్ కొనేముందు బైబిల్‌వర్క్స్‌ను తలచుకోండి: పండితులు ఏళ్ల తరబడి వాడిన ఆ బైబిల్ సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసిన సంస్థ 2018లో మూతపడింది. కాబట్టి మీ నోట్సును ఏ ఒక్క సాఫ్ట్‌వేర్ లోపలా బంధించకుండా మామూలు ఫైళ్లలో ఉంచుకోండి. ఒక ప్రతి లాప్‌టాప్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, ఒకటి ఇంటర్నెట్‌లోని గూగుల్ డ్రైవ్‌లో ఉండాలి. ఫుట్‌నోట్లకు, గ్రంథసూచికి పుస్తకాల వివరాలు నిలువ చేసే జొటేరో సాఫ్ట్‌వేర్.

అయ్యగారు: జొటేరోతో నాకు పేచీ ఉంది. అది రచయిత ఇంటిపేరు వేరుగా, పేరు వేరుగా అడుగుతుంది. మన పాత తెలుగు పుస్తకాల మీద ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. గ్రంథసూచిలో ఆయనను దేని కింద పెట్టాలి?

సిస్టర్: పేరును ఒకే గడిలో రాసే వీలు కూడా అందులో ఉంది. అయితే అప్పుడు వరుస ఆ పొడి అక్షరంతోనే మొదలవుతుంది.

అయ్యగారు: అది అన్యాయం. జనం పిలిచే పేరుతోనే పెట్టాలి.

సిస్టర్: మీ గైడు ఒప్పుకోవద్దా? కొందరు ఇంటిపేరు పూర్తిగా వెతికి రాయమంటారు.

అయ్యగారు: పుస్తకం మీద లేనిది ఎక్కడ వెతుకుతారు, సమాధుల తోటలోనా?

సిస్టర్: పక్క గదిలో క్వయర్ ప్రాక్టీసు మొదలయింది, మైకులో డప్పు వినిపిస్తోంది. ఆపుతున్నాను.

అయ్యగారు: ఇంకా ఒక్క మాట, కీబోర్డు మీద అంటించే స్టిక్కర్లు...