మద్రాసు మిద్దె దూలాలతో చేసిన డైనింగ్ టేబుల్: కొనొచ్చా?

హాయ్ అండీ, టేబుల్ పైభాగం తర్వాత చూపిస్తాను, ముందు కెమెరా కిందికి తిప్పుతున్నా, ఈ నల్ల మచ్చలు చూడండి. పాత ఇనుప మేకులు తుప్పు పట్టిన చోట చెక్క ఇలా నల్లబడుతుంది. దీన్ని పుట్టీతో పూడ్చేయకుండా వదిలేశారు, నాకు బాగా నచ్చింది.

ఇది జార్జ్ టౌన్‌లో కూల్చేసిన ఒక పాత ఇంటి దూలాలతో చేసింది. మన చెన్నై పాత మిద్దెలకి మద్రాస్ టెర్రస్ అంటారు కదా, టేకు దూలాలు వేసి, వాటి మీద సన్నటి ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి గట్టిగా కొట్టేవాళ్లు. అంత బరువు మోసిన కర్ర ఇది! అప్పట్లో బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి టేకు ఓడల్లో ఇక్కడికి వచ్చేది, 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది, అందుకే పాత కర్రకి ఇంత గిరాకీ.

చివర కోసిన చోట దగ్గరగా చూడండి, వలయాలు ఎంత ఒత్తుగా ఉన్నాయో. మొత్తం చేవే, అంటే చెట్టు నడిమి గట్టి చెక్కే. పక్కన తెల్ల చెక్క కనిపిస్తే మాత్రం వద్దనండి, పురుగు మొదట పట్టేది దానికే.

నచ్చనిది ఒకటుంది. పైపలకని ఫ్రేముకి స్క్రూలతో కదలకుండా బిగించేశారు. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది, కదలడానికి చోటు లేకపోతే పగులుతుంది. చెప్పి మార్పించాను, స్క్రూ రంధ్రాలు పొడవుగా చేసిచ్చారు. మీరు ఆర్డరిచ్చేటప్పుడే చెప్పండి.

ధర కొత్త టేకు టేబుల్ కంటే ఎక్కువే పడింది. కానీ లోపల ఒక్క మేకు మిగిలినా చెక్కని చదును చేసే ప్లేనర్ బ్లేడు పోతుంది, పైగా టేకులో ఉండే సిలికా వల్ల బ్లేళ్లు త్వరగా మొద్దుబారతాయి, అందుకే ఈ పనికి ఎక్కువ కూలి తీసుకోవడం న్యాయమే. పాత పెయింటున్న తలుపులతో చేయించుకునేవాళ్లకి ఇంకో విషయం, ఆ రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకనివ్వొద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

ఒక్కటి గట్టిగా చెప్తాను. ఎలాగూ కూలిపోతున్న ఇంటి కర్ర అయితే సంతోషంగా కొనండి. బాగున్న తమిళనాడు చెట్టినాడు ప్రాంతపు పాత ఇంటి స్తంభాలు పీకి, కోసి పలకలు చేస్తే అది విధ్వంసమే అంటాను. బిల్లు మీద ఏ ఊరు, ఏ వీధి, ఎప్పుడు కూల్చిన ఇల్లు అని రాయించుకోండి, రాయనంటే నేనైతే కొనను.