ప్రొస్టేట్ క్యాన్సర్: ఆపరేషన్ తేదీ తీసుకునే ముందు

నమస్తే. బాపుకు బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ప్రొస్టేట్ క్యాన్సర్, అంటే మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథిలో క్యాన్సర్ అని తేలగానే నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో హైదరాబాద్ బస్సెక్కి, మొదట చూసిన డాక్టర్ దగ్గరే ఆపరేషన్ తేదీ తీసుకుని వస్తుంటారు. ఆ తొందర వద్దని చెప్పడానికే ఈ వీడియో.

ముందు బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ స్కోర్ చూడండి. క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె అది. 6 అంటే నిదానంగా పెరిగే రకం, 7 మధ్యరకం, 8 నుంచి 10 అయితే దూకుడు ఎక్కువ. పీఎస్‌ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) 10 లోపు, స్కోర్ 6, గడ్డ ప్రొస్టేట్ దాటలేదు అంటే చాలామందికి వెంటనే ఏమీ చేయక్కర్లేదు. పీఎస్‌ఏ, ఎమ్మారై, అవసరమైతే మళ్లీ బయాప్సీ చేస్తూ కనిపెట్టి ఉంటారు. ‘క్యాన్సర్ పెట్టుకుని ఇంట్లో కూర్చోబెట్టారా’ అని బంధువులు అంటారు. టెన్షన్ పడకండి, అది కూడా వైద్యమే. ఎముకలకు పాకితే మాత్రం దారి వేరు, సాధారణంగా హార్మోన్ చికిత్సతో మొదలుపెడతారు.

గడ్డ లోపలే ఉంటే ఆపరేషన్ ఒకటి, రేడియేషన్ ఒకటి. రేడియేషన్‌ను మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. బ్రిటన్‌లో ఇలాంటి 1,600 మందికి పైగా రోగులను 15 ఏళ్లు గమనించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టి ఉండడం, ఏ దారిలో వెళ్లినా ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి సుమారు ముగ్గురే. తేడా అంతా తర్వాత వచ్చే ఇబ్బందుల్లోనే. ఆపరేషన్‌తో మూత్రం కారడం, అంగం గట్టిపడకపోవడం ఎక్కువ. రేడియేషన్‌తో మలద్వారం దగ్గర ఇబ్బందులు రావచ్చు.

అందుకే ఆపరేషన్ చేసే యూరాలజిస్ట్‌ను, రేడియేషన్ డాక్టర్‌ను ఇద్దరినీ కలవండి. ‘ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు చేస్తారు? ఏడాది తర్వాత మీ పేషెంట్లలో ఎంతమందికి ఇంకా మూత్రం కారుతోంది?’ అని అడగండి. మంచి డాక్టర్ ఈ మాటకు కోపం తెచ్చుకోరు. ఆపరేషన్‌కు రోబో యంత్రం ఉందా లేదా అన్నదానికంటే ఆపరేషన్ చేసే చేయికి ఉన్న అనుభవం ముఖ్యం. ఇంకో మాట, దాంపత్యం సంగతి కొడుకు ముందు ఏ తండ్రీ అడగలేడు. కాసేపు ఆయన్ని డాక్టర్ దగ్గర ఒంటరిగా వదిలి మీరు బయటికి రండి.

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రులు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. మీకు చెప్పిన చికిత్స అందులోకి వస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రేడియేషన్ అయితే మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు వెళ్లాలి. దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి రోజూ తిరిగితే పెద్దమనిషి తట్టుకోలేడు. ఎక్కడ ఉంటారు, తోడు ఎవరుంటారు అన్నది మొదటి సిట్టింగ్‌కు ముందే ఇంట్లో మాట్లాడుకోండి.