కూలి ముందు, కొటేషన్ తర్వాత

అందరికీ నమస్కారం.

నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు వైపు కిటికీలు, షోరూం అద్దాలు శుభ్రం చేసే పని పెట్టుకున్నవాళ్లు ఇక్కడున్నారు. హౌస్‌కీపింగ్‌తో పాటు ఈ పనీ ఒప్పుకుంటున్నవాళ్లూ ఉన్నారు. నలుగురైదుగురు మనుషులు, ఒక ట్రాలీ ఆటో, రెండు నిచ్చెనలు. మనవన్నీ ఆ పాటి సంస్థలే. అలాంటి చోట పనివాళ్లకు ఎంత ఇస్తే న్యాయం, ఆ అంకె ఎలా తేల్చాలి అన్నదే ఈ పూట విషయం.

మన దగ్గర లెక్క ఎక్కువగా పైనుంచి కిందికి దిగుతుంది. షోరూం వాళ్లు ఒక రేటు చెబుతారు, మనం ఒప్పుకుంటాం. డీజిల్, ఆటో కిస్తీ, సబ్బు పోగా మిగిలిన దాంట్లో కూలి సర్దుతాం. డీజిల్ బంకువాడు తగ్గించడు, కిస్తీ తగ్గదు. కాబట్టి బేరం దిగిన ప్రతిసారీ కోత పడేది కూలి మీదే. ఈ వరుస తిరగేయాలి. కూలి ముందు తేల్చుకోవాలి, దాని మీద కొటేషన్ కట్టాలి.

కింది హద్దు చట్టం గీసింది. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కనీస వేతనం ఇప్పుడు ఫలానా రంగాలకే అని లేదు, అందరు పనివాళ్లకూ వర్తిస్తుంది. మన రాష్ట్రంలో కరువు భత్యం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మారుతుంది. కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి మీ పని ఏ తరగతి కిందికి వస్తుందో అడిగి, తాజా పట్టిక తెచ్చి గోడకు అతికించండి. ‘మా దగ్గర ముగ్గురేనండీ, మాకెందుకు?’ అనే మాట చెల్లదు.

ఆ పట్టికలో ఉన్న అంకె న్యాయమైన కూలి అని మాత్రం అనుకోవద్దు. అంతకంటే తక్కువిస్తే నేరం అని చెప్పే అంకె అది. కుటుంబానికి ఎంత కావాలో కట్టడానికి 1957లోనే భారత కార్మిక సదస్సు ఒక కొలత ఇచ్చింది. సంపాదించే మనిషి, భార్య, ఇద్దరు పిల్లలు కలిపి మూడు వినియోగ యూనిట్లు (ఒక పెద్ద మనిషి వినియోగం ఒక యూనిట్). యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి బాడుగ, వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు 20 శాతం. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్లిళ్ల కోసం మరో 25 శాతం ఉండాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇదంతా కాగితాల మీది మాట అనుకోకండి. మీ వీధి కిరాణా కొట్టు ధరలతో ఒక నెల సామాన్లు రాసి, మీ మనుషులుండే పేటలో బాడుగ ఎంతో కనుక్కుని కూడండి. ఒక గంట పని. వచ్చిన అంకెకూ మీరిస్తున్న జీతానికీ మధ్య ఎంత దూరముందో అప్పుడు తెలుస్తుంది.

ఇక అసలు లెక్కకు వద్దాం. మన పనిలో కూలి ఎక్కువగా కారిపోయేది గంటల దగ్గర. అద్దం మీద చెయ్యి ఆడిన సేపే పని అని యజమాని అనుకుంటాడు. పనివాడి రోజు అలా ఉండదు.

ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు, భోజన విరామం కాక. పొద్దున నిచ్చెనలు, బకెట్లు, సామాను ఎక్కించడానికి 20 నిమిషాలు. నెల్లూరులోనే మాగుంట లేఅవుట్ నుంచి పొగతోటలో ఆసుపత్రికి వెళ్లి దిగడానికి, ట్రాఫిక్‌తో కలిపి, 25. అక్కడి నుంచి రెండో పనికి ఇంకో 25. రెండు చోట్లా నీళ్లు పట్టుకుని, సరుకులు పక్కకు జరిపించి, నిచ్చెన నిలబెట్టుకోవడానికి 30. తిరుగు ప్రయాణం 25. సాయంత్రం గుడ్డలు, తొడుగులు ఉతికి ఆరేసి, సామాను లోపల పెట్టడానికి 25. మొత్తం 150 నిమిషాలు. అద్దం మీద మిగిలింది 330, అంటే ఐదున్నర గంటలు. కావలిలో పని పడితే అదీ ఉండదు. పోను యాభై కిలోమీటర్ల పైన, రాను అంతే. ఈ 150 నిమిషాలకు డబ్బు కట్టకపోతే రోజులో మూడో వంతు ఉచితంగా చేయించుకున్నట్టే.

తర్వాతది వాన. ఎండాకాలం మనకు పని సాగుతుంది. రోహిణి కార్తెలో పడమటి ఎండ తగిలే అద్దం మీద సబ్బు నీళ్లు లాగేలోపే ఎండిపోయి చారలు కడతాయి కాబట్టి పొద్దున ఆరుకే మొదలుపెట్టి నెట్టుకొస్తాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరం కథ వేరు. వాయుగుండం అన్నారంటే నాలుగు రోజులు నిచ్చెన దిగిపోతుంది. నవంబరులో 14 రోజులే పని దొరికిందనుకోండి. రోజుకు 700 చొప్పున 9,800. బాడుగ మాత్రం నెలంతటికీ కట్టాలి. అందుకే నెలకు ఇన్ని రోజుల కూలి ఖాయం అన్న మాట ఉండాలి. 22 రోజులకు హామీ ఇస్తే 15,400 చేతికొస్తుంది. ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? దసరా, దీపావళి, సంక్రాంతి ముందు బట్టల షాపులు, బంగారు షాపులు మనల్ని పిలిచే రోజుల నుంచి. ఏడాది పొడుగునా కొటేషన్‌లోనే అది కలిసి ఉండాలి. ఎంత కలపాలో చూడండి.

నేను తీసుకునే కూలి అంకెలు ఉదాహరణకే. ఒక జట్టులో ఇద్దరు: అద్దం పట్టే మనిషికి 700, తోడు మనిషికి 600, రోజుకు 1,300. ఏడాదిలో ఆదివారాలు పోగా 313 రోజులు. వానకు 20, జాతీయ సెలవులూ పండుగలూ 8, జ్వరాలు, సొంత పనులు, శుభకార్యాలకు జీతంతో సెలవు 15, పని దొరకనివి 5. మొత్తం 48 తీసేస్తే అద్దం మీద పని నడిచేది 265 రోజులు. 313 రోజులకూ కూలి ఇవ్వాలంటే ఏడాదికి 4,06,900. దాన్ని 265తో భాగిస్తే పని నడిచిన రోజుకు 1,535. ఏడాదికి 8.33 శాతం బోనస్ రోజుకు 128 పడుతుంది. ఇరవై మంది లేని సంస్థకు చట్టప్రకారం బోనస్ బాధ్యత లేదు, అయినా ఇవ్వాలనే నా మాట. ప్రమాద బీమాకు ఇద్దరికీ కలిపి ఏడాదికి 5,000 అనుకుంటే రోజుకు 19. మొత్తం 1,682. ఐదున్నర గంటలతో భాగించండి: జట్టుకు అద్దం మీది గంట 306 రూపాయలు.

చాలామంది 1,300ని 8తో భాగించి గంటకు 162 అని రేటు చెబుతున్నారు. అసలు ఖర్చు దానికి రెట్టింపు దరిదాపుల్లో ఉంది. ఈ 306లో డీజిల్ లేదు, సబ్బు లేదు, యజమాని జీతం లేదు. కూలి ఒక్కటే. యజమాని తనూ నిచ్చెన ఎక్కితే తన కూలి కూడా ఇలాగే రాసుకోవాలి, లేకపోతే ఆ లోటు పనివాళ్ల మీదికే వస్తుంది.

ఇప్పుడు చదరపు అడుగు రేటు సంగతి. షోరూం ముందు ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న ఒంటి పలక అద్దం, 80 చదరపు అడుగులు. నెలనెలా తుడిచేదైతే చెయ్యి తిరిగినవాడు రెండు వైపులా పావుగంటలో ముగిస్తాడు. ఇంటి కిటికీ తీసుకోండి. నాలుగడుగులకు నాలుగడుగులు, మూడు ట్రాకుల అల్యూమినియం స్లైడింగ్, రెండు అద్దం రెక్కలు, ఒక దోమల జాలీ. జాలీ రెక్కను పైకెత్తి కింది అంచును ట్రాకులోంచి తప్పించి తీయాలి. తొందరపడి గుంజితే రోలర్ ఊడుతుంది. ట్రాకులో పేరుకున్న ఇసుకను పొడి బ్రష్‌తోనే ముందు లాగాలి. నీళ్లు ముందు పోస్తే అది బురదై, నీళ్లు బయటికి పోయే కన్నాలు పూడిపోతాయి, తర్వాతి వానకు నీళ్లు గదిలోకి వస్తాయి. జాలీ కడగాలి. గ్రిల్ అడ్డమొచ్చిన వైపు పెద్ద స్క్వీజీ (అద్దం మీది నీళ్లు లాగే రబ్బరు పట్టీ) పట్టదు, చిన్నదానితో సందుసందులో లాగి, అంచులు గుడ్డతో ఒత్తుకోవాలి. ఇరవై నిమిషాలు అలవోకగా పడుతుంది.

చదరపు అడుగుకు 3 రూపాయలని ఒకే రేటు పెడితే షోరూం పలకకు పావుగంటకు 240 వచ్చింది. కిటికీకి ఇరవై నిమిషాలకు 48. మన లెక్కలో ఒక మనిషి అద్దం మీది గంట 153, ఇరవై నిమిషాలకు 51. కిటికీకి కూలి కూడా రాలేదు! అందుకే ఇళ్లకు కిటికీ చొప్పున, జాలీ, గ్రిల్, ట్రాకు విడివిడిగా చూసి చెప్పండి. కొత్త బిల్డింగులకైతే గంట చొప్పున తప్ప వేరే రేటు ఒప్పుకోవద్దు. సిమెంటు చుక్కలు, పుట్టీ, పెయింటు, సిలికాన్ ఎంతున్నాయో గీకితే గానీ తెలియదు. పనివాళ్లకు గుత్తకిచ్చినా ఇదే చిక్కు. గుత్త పడితే మనిషి నిచ్చెన జరపకుండా పక్కకు వంగుతాడు, ఎండిన సిమెంటును తడపకుండానే బ్లేడు వేస్తాడు. రోజు కూలి ఖాయంగా ఇచ్చి, అనుకున్న సమయానికి ముందే నాణ్యంగా ముగిస్తే మిగిలిన దాంట్లో వాటా పైన ఇవ్వండి.

తోడు మనిషి అన్న మాట దగ్గర ఒకటి చెప్పాలి. జాలీలు, గ్రిల్లులు, ట్రాకులు మన దగ్గర ఎక్కువగా ఆడవాళ్ల చేతికే ఇస్తారు. పై లెక్కలో ఎక్కువ సమయం పట్టేది, పాడైతే కస్టమర్ కేకలేసేదీ ఆ పనే. దానికి ‘హెల్పర్’ అని పేరు పెట్టి వంద తక్కువిస్తున్నాం. రాజ్యాంగం 39(డి)లో సమాన పనికి సమాన వేతనం అంది, ఆడా మగా తేడాతో కూలి తగ్గించకూడదని వేతనాల కోడ్‌లోనూ ఉంది. చారలు లేకుండా పలక లాగగలరా, ట్రాకు పాడుచేయకుండా రెక్క తీసి పెట్టగలరా, కస్టమర్‌తో ఒక్కరే మాట్లాడి పని ముగించగలరా అని పరీక్షించి తరగతి ఇవ్వండి. ఆడా మగా చూసి కాదు.

ఎత్తు బత్తా, అంటే ఎత్తులో పనికి పైన ఇచ్చే డబ్బు గురించి గట్టిగానే చెబుతాను. రెండో అంతస్తుకు వంద ఎక్కువిచ్చి బెల్టు లేకుండా ఎక్కించడం కూలి కాదు, ప్రాణానికి ధర కట్టడం. నిచ్చెన నాలుగడుగులు పైకి వెళ్తే అడుగు దూరంలో కాలు ఉండాలి, కింద ఒకరు పట్టుకోవాలి. తాడు మీద దిగే పని శిక్షణ ఉన్నవాళ్లకే, విడివిడి కొక్కేలకు కట్టిన రెండు తాళ్లతోనే. అవి లేకపోతే ఆ బిల్డింగు వదులుకోండి. పదిమంది, ఆ పైన ఉంటే నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ తప్పదు: మన వంతు 3.25 శాతం, వాళ్లది 0.75. పదికి తక్కువైతే ఉద్యోగుల పరిహార పాలసీ తీసుకోండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా 2 లక్షలిస్తుంది, అది అందరికీ చేయించండి, కానీ అది పాలసీకి బదులు కాదు.

జీతంలో కోతల విషయం. పలక మీద సన్నని గీతలు మిగిలితే కూలీ మీద విరుచుకుపడతారు. చాలాసార్లు తప్పు రబ్బరుది. అంచు గుండ్రంగా అరిగిపోయాక ఎవరు లాగినా నీటి గీత వదులుతుంది. రెండు అంచులూ వాడి మార్చేయాలి, ఆ ఖర్చు సంస్థది. తీరం దగ్గర ఉప్పు బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్ల మచ్చలు పడతాయి, దానికీ పనివాడు బాధ్యుడు కాడు, మంచి నీళ్ల క్యాన్ ఆటోలో ఉండాలి. టఫెన్డ్ అద్దం (వేడితో గట్టిపరిచినది) బ్లేడుకు గీసుకుపోవచ్చు, అందుకే ముందే ఉన్న గీతలు ఏవో తెలియడానికి పని మొదలుకాకముందే ఫోటోలు తీయండి. నష్టానికి కోయాలన్నా, అది ఆ మనిషి అజాగ్రత్త వల్లే జరిగిందని తేలాలి, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. చారలు పడి రెండోసారి వెళ్లినా ఆ గంటలకు కూలి ఇవ్వాల్సిందే.

నెల జీతగాళ్లకు నాగా రోజులు తీసేటప్పుడు ఒక తప్పు ఊరంతా జరుగుతోంది. 15,600 జీతాన్ని 30తో భాగించి రోజుకు 520 అంటారు, 26 రోజులు పనిచేస్తే 13,520 ఇస్తారు. ఆదివారాల కూలి 2,080 ఎగిరిపోయింది. 26తో భాగించాలి, రోజుకు 600. ఎనిమిది గంటలు దాటిన పనికి రెట్టింపు. షోరూం మూశాక రాత్రి చేయించేది చాలాసార్లు ఇదే. 700 కూలికి గంట 87.50, ఓవర్‌టైం 175.

సంక్రాంతి అడ్వాన్సు అందరూ ఇస్తారు. 6,000 ఇచ్చి వచ్చే నెలే పట్టుకుంటే ఆ మనిషి వేరేచోట వడ్డీకి తెస్తాడు. పదిహేను రోజులకు 500 చొప్పున ఆరు నెలల్లో తీసుకోండి, ఇద్దరి సంతకాలతో రాసుకోండి. నెల జీతం ఏడో తేదీలోపు చేతికందాలి. మానేసినవాళ్లకు లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. ‘వచ్చి అడగనీ’ అని ఊరుకోవద్దు.

చివరిగా, పాత కస్టమర్ దగ్గర రేటు పెంచడం. అందరికీ ఒకేసారి పెంచితే సగం మంది పోతారనే భయం ఉంటుంది. ముందు పైన చెప్పిన లెక్కను ప్రతి కస్టమర్‌కూ వేయండి. ఏ పనిలో గంటకు 306 కూడా రావడం లేదో తేలుతుంది. ఆ జాబితాలో కింద ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి. ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త రేటు అని ఫిబ్రవరిలోనే కాగితం మీద ఇవ్వండి, అందులో ఎన్ని గంటలు, ఎంతమంది మనుషులు అని కూడా రాయండి. కుదరదంటే రేటు తగ్గించకుండా పని తగ్గించండి: వారం వారం అద్దం లోపలివైపు, నెలకోసారి రెండు వైపులా. ఆ మాటకు ఒప్పుకునేవాళ్లు మీరనుకున్న దానికంటే ఎక్కువే ఉంటారు.

మీ దగ్గరున్న పనుల వివరాలు, గంటలు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ బోర్డు మీద వేసి చూద్దాం.