మెయిల్లో వరుస 72 అక్షరాల దగ్గర విరగాలా? (మట్, విమ్, ఇంకా పానగల్లు)

స్వప్న: నమస్తే అందరికీ. మహబూబ్‌నగర్ నుంచి నేను స్వప్న, నల్లగొండ నుంచి యాదన్న. పోయినసారి మాటిచ్చినట్టే ఈ రోజు టెర్మినల్‌లో, అంటే ఉత్త అక్షరాలతో నడిచే తెర మీద, మట్ అనే మెయిల్ ప్రోగ్రాంలో మెయిల్ రాయడానికి విమ్ అనే ఎడిటర్‌ను ఎట్లా సర్దుకోవాలో మాట్లాడదాం. అన్నా, మీ నల్లగొండ పక్కనున్న పానగల్లు శాసనాల సంగతి ఈసారి వద్దు.

యాదగిరి: నేను ఎత్తను. వినేవాళ్లే మెయిల్ పెట్టి అడుగుతున్నారు, నేనేం చేయాలి!

స్వప్న: సరే, మొదటి ముక్క తేలిక. మట్ ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్లో ఎడిటర్ అన్నచోట విమ్ పేరు ఇవ్వాలి, ఎడిట్ హెడర్స్ ఆన్ చేసుకుంటే ఎవరికి, ఏ సంగతి అన్నవి కూడా ఎడిటర్‌లోనే దిద్దుకోవచ్చు. మట్ ఒక తాత్కాలిక ఫైలు తెరుస్తుంది, ఆ పేరు చూసే విమ్ ఇది మెయిల్ అని పోల్చుకుంటుంది. టెక్స్ట్‌విడ్త్, అంటే వరుసకు ఎన్ని అక్షరాలో, మనం పెట్టుకోకపోతే అదే 72 పెట్టేస్తుంది. ఎదుటివాళ్ల మాటలు > గుర్తుతో వస్తాయి కదా, ఆ పేరా మీద జీ క్యూ ఐ పీ అనే కమాండ్ కొడితే గుర్తులు చెడకుండా వరుసలు మళ్లీ సర్దుకుంటాయి. ఇక్కడిదాకా పేచీ లేదు.

యాదగిరి: పేచీ ఆ 72 దగ్గరే ఉంది. అది మంచి లెక్క. పాత టెర్మినల్ వెడల్పు 80 అక్షరాలు, వీటీ100 కూడా అంతే, అంతకుముందు ఐబీఎం చిల్లుల కార్డుల్లోనూ 80 గళ్లే. జవాబు మీద జవాబు వస్తే > గుర్తులు పేరుకుంటాయి, వాటికి చోటు వదలాలి కాబట్టి 72. నేను పంపిన వరుస నేను విరిచిన చోటే విరగాలి. పానగల్లు శాసనం పాఠం పంపేటప్పుడు...

స్వప్న: వచ్చింది పానగల్లు!

యాదగిరి: రాకుండా ఎట్లా ఉంటది చెల్లె? శాసనం పాఠం ఎత్తి రాసేటప్పుడు రాతి మీద వరుస ఎక్కడ ముగిసిందో కాగితం మీదా అక్కడే ముగియాలి. ఏడో వరుసలో నాలుగు అక్షరాలు చెరిగిపోయినయి అని చెప్తే, చదివే పెద్దమనిషికి ఆ ఏడో వరుస దొరకాలి కదా. మెయిల్ ప్రోగ్రాం అన్నీ కలిపి ఒక్క పేరా చేస్తే ఇక ఏం మిగిలింది? పానగల్లును ఏలిన కుందూరు చోడుల కాలం నుంచి రాయి కాపాడుకుంటూ వచ్చిన వరుసలవి.

స్వప్న: నీ శాసనానికి అది సరే. నేను రాసేది మా ఊరి బడిలో చదువుకున్నోళ్లకు. సగం మంది పనికోసం ముంబై పోయినోళ్లు, అందరూ ఫోన్లోనే చదువుతారు. 72 దగ్గర విరిచి పంపితే ఆ చిన్న తెర మీద ఒక పెద్ద వరుస, దాని కింద రెండే మాటలు, మళ్లీ పెద్ద వరుస, మళ్లీ రెండు మాటలు. పొద్దంతా పనిచేసి వచ్చిన మనిషి అది చదవడు, మూసేస్తాడు. రాసేటోళ్ల సౌకర్యం కంటే చదివేటోళ్ల కళ్లు ముఖ్యం నాకు.

యాదగిరి: నాకు ముఖ్యం కాదా? దేవరకొండలో ఒక రిటైర్డ్ సారు ఉన్నారు, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతారు. ఆయన కోసమే నేను వరుసలు చిన్నగా రాస్తాను.

స్వప్న: అక్షరాలు పెద్దవి చేస్తే నీ 72 ఇంకా ముందే విరుగుతుంది అన్నా!

యాదగిరి: ...అది నిజమే. సరే, నీ దారి ఏందో చెప్పు.

స్వప్న: ఫార్మాట్ ఫ్లోడ్. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3676 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో ఉంది. వరుస చివర ఒక ఖాళీ వదిలితే "ఇది ఇంకా అయిపోలేదు, కింది దానితో కలుపుకో" అని అర్థం, ఖాళీ లేకపోతే అక్కడ నిజంగానే విరిచినట్టు. మట్‌లో టెక్స్ట్ ఫ్లోడ్ ఆన్ చేయాలి, విమ్‌లో ఫార్మాట్ ఆప్షన్స్‌కు డబ్ల్యూ కలపాలి. నా పేరాలు కలుస్తాయి, నీ శాసనం వరుసల చివర ఖాళీ ఉండదు కాబట్టి అవి అట్లనే నిలుస్తాయి. ఒకే మెయిల్లో రెండూ. ఒక్క జాగ్రత్త, సేవ్ చేసేటప్పుడు వరుస చివరి ఖాళీలు తుడిచేసే ఆటోకమాండ్ చాలామంది పెట్టుకుంటారు, మెయిల్ ఫైళ్లకు అది తీసేయాలి. లేకపోతే ఫ్లోడ్ పోతుంది, సంతకం పైన రెండు గీతలు, ఒక ఖాళీ ఉంటాయి చూడు, అదీ చెడుతుంది.

యాదగిరి: అవతలి యాప్ ఆ ఖాళీని లెక్కచేయకపోతే?

స్వప్న: చేయనివి ఉన్నాయి. అందుకే నేను అసలు విరవనే విరవను, మెయిల్ ఫైలు తెరుచుకున్నాక టెక్స్ట్‌విడ్త్ సున్నా పెట్టి పేరా మొత్తం ఒకే వరుసగా రాస్తాను.

యాదగిరి: మరి 998 బైట్ల హద్దు? ఆర్‌ఎఫ్‌సీ 5322లో వరుస అంతకు మించకూడదని ఉంది, 78 దాటకపోతే మంచిదని కూడా ఉంది. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, గుణింతం గుర్తుకు ఇంకో మూడు. మూడు వందల చిల్లర గుర్తులకే నిండిపోతుంది.

స్వప్న: పొడుగు వరుసలుంటే మట్ వాటిని కోటెడ్ ప్రింటబుల్ అనే చిన్న వరుసల రూపంలోకి మార్చి పంపుతుంది, దారిలో తెగదు. దాని గురించి టెన్షన్ వద్దు.

యాదగిరి: అసలు తెలుగుకు 72 అని లెక్కపెట్టేది దేన్ని? "గుడి" తీసుకో. యూనికోడ్ లెక్కలో గుడి గుర్తు చోటు తీసుకోదు, కొమ్ము తీసుకుంటుంది. టెర్మినల్ ఒక లెక్క, విమ్ ఒక లెక్క వేసుకుంటే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. శాసనం దిద్దేటప్పుడు నాకు ప్రాణం మీదికొస్తుంది.

స్వప్న: ఎమ్‌ఎల్‌టర్మ్ అనే టెర్మినల్‌లో చూడమన్నా కదా.

యాదగిరి: చూసిన, ఒత్తులు బాగా వస్తున్నయి. ఇంకోటి, విమ్‌లో డెల్‌కంబైన్ అనే సెట్టింగు పెట్టుకున్నాక హాయిగా ఉంది. "కి" మీద చెరిపే కమాండ్ ఎక్స్ కొడితే మొత్తం అక్షరం పోయేది, ఇప్పుడు గుడి ఒక్కటే పోతుంది, "కీ" చేసుకోవచ్చు. తెలుగు రాసే ప్రతివాళ్లూ విమ్ సెట్టింగుల ఫైలు విమ్ ఆర్‌సీలో ముందు ఇది పెట్టుకోవాలి, రంగులు తర్వాత.

స్వప్న: కీబోర్డు సంగతి కూడా చెప్పేయి. సిస్టమ్‌లోనే తెలుగుకు మార్చి రాస్తే ఎస్కేప్ కొట్టాక కమాండ్లు పనిచేయవు, వరుస తీసేసే డీ డీ అనుకుని నొక్కితే విమ్‌కు తెలుగు అక్షరం అందుతుంది. ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే విమ్ కీమ్యాప్ ఫైలు మనమే రాసుకుంటే, టైపు చేసే ఇన్సర్ట్ మోడ్‌లో మాత్రమే తెలుగు, కంట్రోల్‌తో క్యారెట్ కొడితే అటూ ఇటూ మారుతుంది.

యాదగిరి: ఆగు, నువ్వు చెప్పినట్టే ఫ్లోడ్ పెట్టి శాసనం ముక్క ఒకటి పంపిన. ఫోన్ చూడు.

స్వప్న: ఇప్పుడేనా? ...వచ్చింది. పైన నీ మాటలన్నీ బాగా కలిసినయి. శాసనం మూడో వరుస మాత్రం రెండు ముక్కలైంది.

యాదగిరి: ముందర అంకె ఉంది కదా, మూడు అని.

స్వప్న: ఉంది, అంకె వల్ల తెలుస్తుంది.

యాదగిరి: ఫోన్ అడ్డంగా తిప్పి చూడు.

స్వప్న: అడ్డంగా అయితే సరిగ్గా ఉంది.

యాదగిరి: మరి!

స్వప్న: అందరూ అడ్డంగా తిప్పరన్నా.

యాదగిరి: సారు తిప్పుతారు.